అవతలి ఒడ్డు జకాత్
విదేశాలకు సరుకు పంపే నేత యజమానులకు సుంకాలు, దిగుమతి నిబంధనల వివరణ

సోలాపూర్ తూర్పు భాగంలో మగ్గాన్ని నమ్ముకొని బతికిన తెలుగు కుటుంబాలలో కొన్ని కూలి నేత నుంచి సొంత కార్ఖానాకు, కార్ఖానా నుంచి సొంత మార్కాకు ఎదిగాయి. అయినా సముద్రం దాటే సరుకు విషయంలో ఆ కుటుంబాల పని చాలాకాలం ముంబై వ్యాపారి గిడ్డంగి గుమ్మం దగ్గరే ముగిసేది. తువ్వాళ్లు బేళ్లు కట్టి లారీకి ఎక్కించి, రూపాయలలో డబ్బు అందుకుంటే సరిపోయేది. అవి జెద్దాకు పోయాయో జర్మనీకి పోయాయో నేసినవారికి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. ఇప్పుడు దుబాయి దుకాణదారు, మెల్‌బోర్న్‌లో హోటళ్లకు సరఫరా చేసే వర్తకుడు నేరుగా ఫోనులోనే ధర అడుగుతున్నారు. మధ్యవర్తి లాభం తనకే మిగులుతుందని సంతోషించే యజమాని, ఆ మధ్యవర్తి మోసిన భారం కూడా ఇక తనదేనని గుర్తించవలసి ఉంది. ఆ భారంలో అన్నిటికన్నా బరువైనది అవతలి దేశపు సుంకం. దాని లెక్క తెలియకుండా చెప్పిన ధర నోటి మాటగానే మిగులుతుంది.

సుంకం ఎక్కడ పడుతుంది

విదేశాలకు సరుకు పంపేటప్పుడు మన ప్రభుత్వానికి ఎంత సుంకం కట్టాలన్నది కొత్తవారు అడిగే మొదటి ప్రశ్న. తువ్వాళ్లు, దుప్పట్ల విషయంలో దానికి జవాబు ఒక్క మాటలో ముగుస్తుంది: ఏమీ లేదు. దేశంలో కొరత రాకూడదని ప్రభుత్వం భావించిన కొన్ని సరుకుల మీదనే ఎగుమతి సుంకం ఉంటుంది. సోలాపూర్ మార్కెట్ యార్డుకు వచ్చే ఉల్లిగడ్డ ఇందుకు దగ్గరి ఉదాహరణ. 2023 ఆగస్టులో ఉల్లి ఎగుమతిపై 40 శాతం సుంకం వచ్చింది. ఆ డిసెంబరులో ఎగుమతినే నిషేధించారు. 2024 మే నెలలో నిషేధం తీసి సుంకం ఉంచారు. సెప్టెంబరులో దానిని 20 శాతానికి తగ్గించారు. 2025 ఏప్రిల్ 1 నుంచి పూర్తిగా ఎత్తివేశారు. నేతబట్టకు ఆ బాధ లేదు.

అసలు సుంకం పడేది సరుకు దిగే రేవులో. నడివయసు దాటిన సోలాపూర్‌వాసులకు దీనిని వివరించడానికి జకాత్ నాకా ఒక్కటి చాలు. నగరం పొలిమేరలో లారీని ఆపి, లోపలికి వచ్చే సరుకుకు పన్ను కట్టించుకున్న రోజులు వారికి గుర్తే. సరుకు ఏ ఊరి నుంచి బయలుదేరిందో ఆ ఊరికి ఆ పన్నుతో సంబంధం లేదు. ఏ ఊరిలోకి వస్తున్నదో ఆ ఊరే రేటు నిర్ణయించేది, పట్టీ వేసేది, అనుమానం వస్తే మూట విప్పించేది. దేశాల మధ్య దిగుమతి సుంకమూ అలాంటిదే. దుబాయి రేటు దుబాయిది, అమెరికా రేటు అమెరికాది. ఢిల్లీలో గాని ముంబైలో గాని దానిని మార్చగల అధికారి లేడు.

జకాత్‌ను సాధారణంగా సరుకు తెప్పించుకున్నవాడు కట్టేవాడు. ఇక్కడా దిగుమతి చేసుకునే కొనుగోలుదారే కడతాడు. అందుచేత అది తనకు సంబంధించిన విషయం కాదని యజమాని అనుకునే ప్రమాదం ఉంది. కాని కొనుగోలుదారు తన జేబులోంచి పోయే మొత్తాన్నంతా కలిపి చూస్తాడు. సుంకం పెరిగితే ధర తగ్గించమంటాడు, లేదా సుంకం తక్కువ పడే మరో దేశపు తువ్వాలు కొంటాడు. డబ్బు కట్టేది అతడే అయినా దెబ్బ మగ్గం దాకా వస్తుంది.

ఎవరు కట్టాలన్నది కూడా ఒప్పందంలో రాసుకున్న మూడు అక్షరాలను బట్టి మారుతుంది. అంతర్జాతీయ వాణిజ్య మండలి రూపొందించిన అమ్మకపు షరతులు ప్రస్తుతం 11 ఉన్నాయి. వాటిలో ఎఫ్.ఓ.బి. అంటే న్హావా షేవా వంటి రేవులో సరుకును ఓడ ఎక్కించడంతో అమ్మినవాడి బాధ్యత తీరుతుంది. సి.ఐ.ఎఫ్. అంటే ఓడ కిరాయి, బీమా కూడా అమ్మినవాడివే; సుంకం మాత్రం కొన్నవాడిదే. డి.డి.పి. అంటే కొనుగోలుదారు గుమ్మం దాకా అన్నీ, అవతలి దేశపు సుంకంతో సహా, అమ్మినవాడివే. "ధర అంతా కలిపి చెప్పండి, డి.డి.పి. వేయండి" అని కొత్త కొనుగోలుదారు తేలికగా అడుగుతాడు. ఆ దేశంలో పన్నుల నమోదు లేని చిన్న కార్ఖానాదారుకు దానికి ఒప్పుకోవడమంటే చూడని బావిలోకి దిగడమే. ఎఫ్.ఓ.బి. దగ్గర నిలబడడం మేలు.

ఆరు అంకెలు

సుంకం రేటు ఎంత అని అడిగే ముందు సరుకు పేరు ఏమిటో తేలాలి. సుంకాల అధికారికి తువ్వాలు, దుప్పటి అన్న మాటలతో పని లేదు; అంకెలతోనే పని. బ్రస్సెల్స్‌లోని ప్రపంచ కస్టమ్స్ సంస్థ తయారుచేసిన వర్గీకరణ 1988 జనవరి 1 నుంచి అమలులో ఉంది. హెచ్.ఎస్. కోడ్ అని వర్తకులు పిలిచేది దానినే. అందులో మొదటి ఆరు అంకెలు దాదాపు ప్రపంచమంతటా ఒక్కటే. ఆపైన ఏ దేశానికి ఆ దేశం మరికొన్ని చేర్చుకుంటుంది: మన దేశంలో మొత్తం 8, అమెరికాలో 10.

నూలు టెర్రీ తువ్వాలుకు ఆ ఆరు అంకెలు 6302.60. ఇందులో తికమక లేదు. చిక్కంతా షోలాపూర్ దుప్పటితో వస్తుంది. అది కప్పుకునేదా, పరుపు మీద వేసేదా, మంచానికి అలంకారంగా పరిచేదా? కప్పుకునే నూలు కంబళి అయితే 6301.30. పరుపు మీద వేసే గుడ్డ అయితే 6302. అలంకారపు పరుపు కప్పు అయితే 6304. మూడింటికీ రేట్లు వేరు. అమెరికా సాధారణ రేటు తీసుకుంటే టెర్రీ తువ్వాలుకు 9.1 శాతం, నూలు కంబళికి 8.4 శాతం. తువ్వాలు గుడ్డతోనే స్నానపు అంగీ కుడితే అది 63వ అధ్యాయం దాటి దుస్తుల అధ్యాయమైన 62కు పోతుంది, రేటూ మారుతుంది. గుడ్డ అదే, మగ్గం అదే, కుట్టు మిషను మాత్రమే తేడా.

ఇన్‌వాయిస్ మీద మన కార్ఖానాదారు ఒక కోడ్, అవతల కొనుగోలుదారు తన దిగుమతి పత్రంలో మరో కోడ్ రాసిన సందర్భంలో సరుకు పరీక్షకు ఆగుతుంది. కనుక ధర మాట్లాడేటప్పుడే, ఏ కోడ్ కింద దిగుమతి చేసుకుంటారో రాసి పంపమని కొనుగోలుదారును అడగడం పద్ధతి. అనుమానం ఉంటే దిగుమతిదారు తన దేశపు కస్టమ్స్ శాఖ నుంచి ముందుగానే లిఖిత నిర్ణయం తెచ్చుకోవచ్చు. ఐరోపా సమాఖ్యలో అలాంటి నిర్ణయం 3 సంవత్సరాలు చెల్లుతుంది. పెద్ద ఆర్డరుకు ఆ శ్రమ తప్పక తగినదే.

విలువ, మూలం

సుంకం శాతంలో ఉంటుంది. ఆ శాతాన్ని దేని మీద కట్టాలి? ఇక్కడ దేశాలు రెండుగా విడిపోతాయి. అమెరికా, ఆస్ట్రేలియా సరుకు ఎఫ్.ఓ.బి. విలువ మీద, అంటే ఓడ కిరాయి, బీమా కలపకుండా, సుంకం లెక్కిస్తాయి. ఐరోపా దేశాలు, బ్రిటన్, యు.ఏ.ఇ. వంటివి కిరాయి, బీమా కలిపిన విలువ మీద లెక్కిస్తాయి. కిరాయి పెరిగితే ఆ దేశాలలో సుంకమూ పెరుగుతుందన్నమాట.

లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. అక్కల్‌కోట రోడ్డు ఎం.ఐ.డి.సి.లోని ఒక కార్ఖానా నుంచి 10 లక్షల రూపాయల తువ్వాళ్లు దుబాయి వెళ్తున్నాయని, కిరాయి, బీమా కలిపి 60 వేలు అయిందని అనుకుందాం. సుంకం వేసే విలువ 10,60,000 రూపాయలు. యు.ఏ.ఇ. సాధారణ సుంకం 5 శాతం, అంటే 53,000. ఈ రెండూ కలిపిన 11,13,000 మీద అక్కడి వ్యాట్ 5 శాతం, అంటే 55,650. వ్యాట్ నమోదు ఉన్న కొనుగోలుదారు ఆ మొత్తాన్ని తన అమ్మకపు పన్నులో సర్దుకుంటాడు కనుక దానిని పక్కన పెట్టవచ్చు. 53,000 మాత్రం తిరిగి రాదు.

కాని ఆ 53,000 అసలు కట్టనక్కరలేదు. భారత్, యు.ఏ.ఇ. మధ్య కుదిరిన సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం 2022 మే 1 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం మన నేతసరుకుకు అక్కడ సుంకం సున్నా. ఆస్ట్రేలియాతో కుదిరిన ఒప్పందం 2022 డిసెంబరు 29 నుంచి అమలులోకి వచ్చి, అక్కడి 5 శాతాన్నీ తొలగించింది. అయితే సున్నా తనంతట తాను రాదు. సరుకు భారతదేశంలోనే తయారైందని నిరూపించే మూల ధ్రువీకరణ పత్రం వెంట ఉండాలి. విదేశీ వాణిజ్య సంచాలక కార్యాలయం వారి జాలపుటలో దరఖాస్తు చేసి, అధీకృత సంస్థ నుంచి ఈ పత్రం పొందవచ్చు. ఆ ఒక్క కాగితం లేకపోతే అవతలి అధికారి సాధారణ రేటు వేస్తాడు. సుంకరి ముందు సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టే అవుతుంది తప్ప ఫలితం ఉండదు.

పత్రం ఇచ్చేవారు అడిగేది నూలు సంగతి. దేశీయ మిల్లు నూలుతో ఇక్కడే నేసి, రంగు వేసి, అంచు కుట్టిన తువ్వాలుకు చిక్కు లేదు. దిగుమతి నూలు గాని, బయటి దేశపు గుడ్డ తెచ్చి కేవలం కోసి కుట్టినది గాని అయితే ఆ ఒప్పందంలోని మూల నియమాలను సరిచూడాలి. ఒక్కో ఒప్పందానికి అవి ఒక్కో రీతిగా ఉంటాయి. నూలు కొన్న బిల్లులు దాచుకోవడం ఈ కారణానికే. సరుకు మరో దేశపు రేవు మీదుగా పోతే అక్కడ కస్టమ్స్ అదుపులోనే ఉండి, తెరవకుండా ముందుకు సాగినట్టు రవాణా పత్రాలు చెప్పాలి.

సోలాపూర్ దుప్పటికి, టెర్రీ తువ్వాలుకు మన దేశంలో భౌగోళిక గుర్తింపు ఉంది. అది మూల ధ్రువీకరణ పత్రానికి బదులు కాదు. భౌగోళిక గుర్తింపు పేరును కాపాడుతుంది, అదీ నమోదైన దేశం వరకే. సుంకం తగ్గించే శక్తి దానికి లేదు. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం మన వీధులలో తరచుగా వినిపించే పొరపాటు.

విలువ గురించి ఇంకొక మాట చెప్పక తప్పదు. "ఇన్‌వాయిస్‌లో సగం ధర రాయండి, మిగతా డబ్బు వేరే దారిన పంపుతాను, నాకు సుంకం కలిసి వస్తుంది" అనే కొనుగోలుదారులు ఉంటారు. ఇది అవతలి దేశంలో సుంకం ఎగవేత. మన దేశంలో కస్టమ్స్ చట్టానికీ విదేశీ మారకద్రవ్య చట్టానికీ విరుద్ధం. నేరం మాట అటుంచి వ్యాపారం లెక్కలో చూసినా ఇది నష్టమే. ఓడలో సరుకు తడిస్తే బీమా సంస్థ కాగితం మీద ఉన్న సగానికే పరిహారం లెక్కిస్తుంది. కొనుగోలుదారు మిగతా సగం ఎగవేస్తే అడగడానికి కార్ఖానాదారు చేతిలో చీటీ ముక్క కూడా ఉండదు.

ధర చెప్పిన రోజు, ఓడ చేరిన రోజు

రేటు ఒకసారి తెలుసుకుంటే చాలదని 2025 సంవత్సరం నేతవారికి కఠినంగా తెలియజేసింది. ఆ ఏడాది మొదట్లో అమెరికా వెళ్లే నూలు టెర్రీ తువ్వాలుకు సుంకం 9.1 శాతమే. ఏప్రిల్ 5 నుంచి దాదాపు అన్ని దేశాల సరుకులపై అమెరికా 10 శాతం అదనంగా విధించడంతో అది 19.1 అయింది. ఆగస్టు 7న భారత్‌పై ఆ అదనం 25 శాతానికి పెరిగి మొత్తం 34.1కి చేరింది. ఆగస్టు 27న రష్యా చమురు కొనుగోలును కారణంగా చూపి మరో 25 శాతం కలిపారు. మొత్తం 59.1. పది వేల డాలర్ల తువ్వాళ్లకు ఫిబ్రవరిలో 910 డాలర్ల సుంకం పడితే, ఆగస్టు చివరలో అదే సరుకుకు 5,910 డాలర్లు పడింది.

మగ్గం మీద ఉన్న సరుకు, గిడ్డంగిలో ఉన్న సరుకు, సముద్రం మీద ఉన్న సరుకు — ఈ మూడింటి గతి అప్పుడు మూడు రకాలైంది. ఆగస్టు 27కు ముందే ఓడకు ఎక్కి, సెప్టెంబరు 17కు ముందే అమెరికాలో దిగుమతి నమోదు అయిన సరుకును ఆ రెండవ 25 శాతం నుంచి మినహాయించారు. ఓడ ఎక్కిన తేదీని నిరూపించేది బిల్ ఆఫ్ లేడింగ్. ఆ కాగితం మీది తేదీకి ఒక్కరోజు తేడాతో వేల డాలర్లు అటూ ఇటూ అయ్యాయి.

ప్రభుత్వ ఉత్తర్వుతో వచ్చిన సుంకం మరో ఉత్తర్వుతో మారగలదు. కనుక ధర చెప్పే పత్రంలో అది ఎన్ని రోజులు చెల్లుతుందో, సుంకం మధ్యలో పెరిగితే ఆ పెంపును ఎవరు భరించాలో రాయడం అవసరం. కొనుగోలుదారు కోరితే ఎంత వరకు తగ్గించగలరో కూడా ముందే లెక్క చూసుకోవాలి. ఇలాంటి వాక్యం లేని ఒప్పందంలో బలవంతుడి మాటే చెల్లుతుంది. అమెరికా టోకు దుకాణం ముందు సోలాపూర్ కార్ఖానా బలవంతుడు కాదు.

ఒప్పందాల విషయంలోనూ తేదీలను జాగ్రత్తగా చదవాలి. సంతకం వేరు, అమలు వేరు. ఆస్ట్రేలియాతో ఒప్పందంపై 2022 ఏప్రిల్ 2న సంతకాలు జరిగాయి; సుంకం పోయింది డిసెంబరు 29న. మధ్య తొమ్మిది నెలలు పాత రేటే. పత్రికలో ఒప్పందం కుదిరిందన్న వార్త చూసి ధర తగ్గించినవాడికి ఆ తొమ్మిది నెలలూ చేతినుంచి పడుతుంది.

వర్తకుడికి సుంకం ఎక్కువా తక్కువా అన్నదానికన్నా, అది స్థిరమా కాదా అన్నదే ముఖ్యం. తెలుగువారికి ఇది కొత్త సంగతి కాదు. నేటి బాపట్ల జిల్లా తీరంలోని మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం సముద్ర వర్తకులకు చేసిన వాగ్దానం అదే. తుఫానుకు చిక్కి తీరానికి కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారని, తాను మాత్రం నియమిత సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆ రాజు రాయించాడు. రేటు ముప్పయ్యవ వంతు. ఆ శాసనం ముందు నిలబడిన వర్తకుడికి తన లెక్క తేలేది.

సుంకం కట్టినా ఆగే సరుకు

డబ్బుతో పోని అడ్డంకులు వేరే ఉన్నాయి. సుంకం పూర్తిగా కట్టినా, నిబంధన పాటించని సరుకును రేవు దాటనివ్వరు.

మొదటిది పట్టీ. అమెరికా వెళ్లే ప్రతి తువ్వాలు మీద ఏ నూలు ఎంత శాతమో, ఏ దేశంలో తయారైందో, తయారీదారు లేదా దిగుమతిదారు ఎవరో తెలిపే పట్టీ కుట్టి ఉండాలి. తయారైన దేశం పేరు లేని సరుకుపై మామూలు సుంకం గాక విలువలో 10 శాతం ప్రత్యేక సుంకం వేసే అధికారం వారి చట్టంలో ఉంది. ఐరోపా సమాఖ్యలో నూలు శాతాల పట్టీ, అమ్మే దేశపు భాషలో ఉండాలి. ఫ్రాన్సుకు ఫ్రెంచి, జర్మనీకి జర్మను. పాలియెస్టర్ కలిసిన గుడ్డకు అలవాటుగా నూరు శాతం నూలు పట్టీ కుట్టిస్తే, ప్రయోగశాలలో ఒక్క పరీక్షతో బయటపడుతుంది.

రెండవది రంగు. ఇది సోలాపూర్ సరుకుకు ప్రాణం, ప్రమాదం కూడా. అజో రంగులలో కొన్ని విచ్ఛిన్నమై క్యాన్సర్ కారకాలైన ఆరోమాటిక్ అమైన్లను విడుదల చేస్తాయి. జర్మనీ వీటిని 1990లలోనే నిషేధించింది; తర్వాత ఐరోపా అంతటా నిషేధం వచ్చింది. ఒంటికి తగిలే గుడ్డలో ఈ అమైన్లు కిలోకు 30 మిల్లీగ్రాములు మించరాదని నియమం. ఆ నియమం తువ్వాళ్లను పేరుతో సహా పేర్కొంటుంది. మన దేశంలోనూ ఇలాంటి రంగులు 1997 నుంచి నిషిద్ధాలే. అయినా పట్టీ లేని డబ్బాలో చవకగా దొరికే రంగులో ఏముందో అమ్మేవాడికీ తెలియకపోవచ్చు. నేత ఒకచోట, అద్దకం మరొకచోట జరిగే మన పద్ధతిలో కార్ఖానాదారు అద్దకంవాడి మాట నమ్మి సరుకు పంపుతాడు. తిరస్కరణ పత్రం మాత్రం కార్ఖానాదారు పేరునే వస్తుంది. రంగు కొన్న బిల్లు, లాటు నంబరు అద్దకంవారి నుంచి అడిగి తీసుకోవడం, ఆర్డరు పూర్తి కాకముందే నమూనాను గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపడం ఖర్చు కాదు, బీమా. పరీక్ష రుసుము ఎంతైనా కంటైనరు వెనక్కి రావడానికయ్యే ఖర్చుతో పోల్చదగినది కాదు.

మూడవది ఎవరూ తలచని వస్తువు, సరుకు కింద పరిచే చెక్క పలక. పచ్చి చెక్కలో పురుగులు దేశం దాటి పోతాయన్న భయంతో, చెక్క నడిబొడ్డు 56 డిగ్రీల వేడిలో కనీసం 30 నిమిషాలు ఉండాలని, లేదా ఆమోదించిన మరో పద్ధతిలో శుద్ధి చేయాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. శుద్ధి చేసిన చెక్కపై గోధుమ కంకి గుర్తుతో ముద్ర ఉంటుంది. ఆ ముద్ర లేని పలక మీద ఎంత నాణ్యమైన తువ్వాళ్లు పేర్చినా ఆస్ట్రేలియా వంటి దేశం వాటిని రేవులోనే ఆపుతుంది.

తిండి సరుకుకు ఇంతకన్నా బిగువు ఎక్కువ. సోలాపూర్ శేంగా చట్నీని పొట్లాలు కట్టి అమ్మే మహిళా బృందాలకు విదేశాల నుంచీ అడిగేవారు ఉండవచ్చు. అమ్మకానికి అమెరికా పంపాలంటే తయారుచేసే చోటును అక్కడి ఆహార, ఔషధ సంస్థ వద్ద నమోదు చేయాలి. ప్రతి సరుకు చేరకముందే సమాచారం ఇవ్వాలి. వేరుశనగలో బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్‌కు అమెరికా పెట్టిన గీత వంద కోట్ల భాగాలకు 20. ఐరోపాలో నేరుగా తినే వేరుశనగకు అది 4. నేతవారికి ఉన్నంత తేలిక వారికి లేదు.

నిబంధన తప్పిందని గాని, సుంకం పెరిగిందని గాని కొనుగోలుదారు సరుకు విడిపించుకోకపోతే రోజులు లెక్కపెట్టుకోవలసినవాడు అమ్మినవాడే. రేవులో కంటైనరుకు ఉచిత గడువు దాటాక రోజువారీ డెమరేజి మొదలవుతుంది. అక్కడే మరొకరికి అమ్మడం, వెనక్కి తెప్పించడం, వదులుకోవడం అనే దారులే మిగులుతాయి. వెనక్కి తెప్పించాలన్నా కొన్ని దేశాలలో మొదటి కొనుగోలుదారు నిరభ్యంతర పత్రం ఇస్తేగాని కదలనివ్వరు. ఈ సంగతి తెలిసిన దుర్మార్గపు కొనుగోలుదారు కావాలనే ఆలస్యం చేసి సగం ధరకు బేరం పెడతాడు. కొత్తవారితో మొదటి రెండు మూడు ఆర్డర్లు బయానాతో గాని, బ్యాంకు హామీ ఇచ్చే లెటర్ ఆఫ్ క్రెడిట్‌తో గాని చేయాలని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. వెనక్కి వచ్చిన సరుకును 3 సంవత్సరాల లోపు దేశంలోకి తెచ్చుకుంటే, ఎగుమతి చేసినందుకు పొందిన రాయితీలు తిరిగి కట్టి, దిగుమతి సుంకం లేకుండా విడిపించుకోవచ్చు.

కొనుగోలుదారు దివాలా తీసినా, అతడి దేశం హఠాత్తుగా దిగుమతి నిషేధించినా ఇ.సి.జి.సి. అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీమా ఉపయోగపడుతుంది. సరుకు నాణ్యతపై తగాదా వస్తే మాత్రం ఆ బీమా సులభంగా అక్కరకు రాదు.

ఇవతలి ఒడ్డు కాగితాలు

మన వైపు పని తక్కువ. పాన్ సంఖ్యనే ఆధారంగా చేసుకున్న దిగుమతి, ఎగుమతి కోడ్ ఉండాలి. రుసుము 500 రూపాయలు. దరఖాస్తు పూర్తిగా ఆన్‌లైనులోనే. మార్పులేవీ లేకపోయినా ప్రతి ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు వివరాలను ధ్రువీకరించాలి. లేకపోతే కోడ్ నిలిచిపోతుంది, సరుకు రేవు చేరాక గాని ఆ సంగతి తెలియదు. ఎగుమతికి జి.ఎస్.టి. లేదు, ప్రతి ఆర్థిక సంవత్సరం ఒక హామీ పత్రం దాఖలు చేసి పన్ను కట్టకుండా పంపవచ్చు, లేదా కట్టి వాపసు తీసుకోవచ్చు. చేతిలో పెట్టుబడి తక్కువ ఉన్నవారికి మొదటి దారే నయం. బ్యాంకు శాఖ కోడ్‌ను రేవులో నమోదు చేయించడం, షిప్పింగ్ బిల్లు దాఖలు చేయడం వంటివి వర్తకులు సి.హెచ్.ఏ. అనే కస్టమ్స్ బ్రోకరు చూస్తాడు. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్‌లలో బరువు, బేళ్ల సంఖ్య, కోడ్ ఒక్కటిగా ఉన్నాయో లేదో చూడవలసినది మాత్రం యజమానే.

పెద్ద కంటైనరు కాక చిన్న పెట్టెలు పంపేవారికి తపాలా శాఖ నడిపే డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు ఉన్నాయి. కస్టమ్స్ పత్రం అక్కడి నుంచే ఆన్‌లైనులో దాఖలవుతుంది. అయితే చిన్న పెట్టెకు సుంకం ఉండదన్న పాత నమ్మకం అమెరికా విషయంలో చెల్లదు. 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న మినహాయింపును ఆ దేశం 2025 ఆగస్టు 29 నుంచి తీసివేసింది. సుంకం ఎవరు వసూలు చేయాలో తేలక, ఉత్తరాలు, వంద డాలర్ల లోపు కానుకలు మినహా అమెరికా తపాలాను మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి ఆపి, అక్టోబరు 15న తిరిగి ప్రారంభించవలసి వచ్చింది. అప్పటి నుంచి పంపేవారే ఇక్కడే సుంకం ముందుగా కట్టే పద్ధతి వచ్చింది.

ఏ దేశంలో ఏ కోడ్‌కు ఎంత సుంకం ఉందో కేంద్ర వాణిజ్య శాఖ ఆధ్వర్యంలోని ఇండియన్ ట్రేడ్ పోర్టల్‌లో ఉచితంగా చూడవచ్చు. మరమగ్గాల సరుకుకు ముంబైలోని మరమగ్గాల అభివృద్ధి, ఎగుమతి ప్రోత్సాహక మండలి సభ్యత్వం ఇస్తుంది. కోడ్, మూల ధ్రువీకరణ పత్రాలకు సంబంధించిన చిక్కులకు పుణెలోని విదేశీ వాణిజ్య ప్రాంతీయ కార్యాలయాన్ని, సాధారణ సలహాకు జిల్లా పరిశ్రమల కేంద్రాన్ని సంప్రదించవచ్చు. నగరపాలక సంస్థ ఎగుమతికి ప్రత్యేక అనుమతి ఏదీ ఇవ్వదు, అందుకు రుసుమూ తీసుకోదు. నగరపాలక సంస్థ పేరు చెప్పి ఎగుమతి లైసెన్సు ఇప్పిస్తామని కన్నా చౌక్‌లోనో అశోక్ చౌక్‌లోనో డబ్బు అడిగేవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వనవసరం లేదు.